చిన్న తలుపులు

2024 నవంబరు 9, శనివారం

నాలుగో పీరియడ్ అయ్యేసరికి ఎడమ పిక్క బిగుసుకుపోయింది. స్టాఫ్ రూంలోకి వచ్చి ఒక కుర్చీలో కూలబడి, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకున్నాను. కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిగినట్టున్నాయి. నోటు పుస్తకాలు దిద్దుతున్న లెక్కల టీచరు తలెత్తి చూసి, "అయ్యో మేడం, ఈ కాలితోనా రోజంతా నిలబడేది?" అంది.

రెండో కాన్పు తర్వాత మొదలైంది ఇది. పద్దెనిమిదేళ్ళుగా స్నానం చేసేటప్పుడల్లా చూసుకుంటున్నదే. మోకాలి లోపలి పక్క నుంచి చీలమండ దాకా, పందిరికి పాకిన పొట్లతీగలా మెలికలు తిరిగి, అక్కడక్కడా ముడులు పడి ఉంటుంది. ఇంకొకరు చూసి అయ్యో అనేసరికి నేనూ కొత్తగా చూసుకున్నాను. చెప్పు పట్టీ అచ్చు పాదం మీద లోతుగా పడింది. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని పూడలేదు.

నవంబరు 15, కార్తీక పౌర్ణమి. అమ్మ వాళ్ళ ఊరు

అమ్మ కాలవలోకి దిగలేదు. ఏటా నడుం లోతు దిగి మూడు మునకలు వేసే మనిషి, ఈసారి రేవు మెట్టు మీద కూర్చుని నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంది. "పుండుకి తడి తగలకూడదన్నాడే ఆర్‌ఎంపీ" అంది.

ఇంటికొచ్చాక కట్టు విప్పించి చూశాను. ఎడమ కాలు, లోపలి పక్క, చీలమండకి నాలుగు వేళ్ళ పైన. పోయిన ఏడు దసరా ముందు ఐదు రూపాయల బిళ్ళంత ఉండేదట. ఇప్పుడు నా అరచేతిలో సగం ఉంది. అంచులు తెల్లగా, నడుమ ఎర్రగా, మీద పసుపు రంగు జిగట. చుట్టూ చర్మం ఇనప పెనంలా నల్లబడి గట్టిపడింది. చుట్టుకొలత చూస్తే పిక్క లావుగా, కింద చీలమండ పైభాగం నొక్కుకుపోయి సన్నగా, తిరగేసిన సీసాలా ఉంది కాలు.

పధ్నాలుగు నెలలు. పసుపు, వేపాకు, పొడి మందు, ఆయింట్‌మెంటు, పది రోజులకోసారి ఎర్ర సూది. షుగర్ పరీక్ష మూడుసార్లు చేయిస్తే మూడుసార్లూ లేదనే వచ్చింది. షుగర్ లేనప్పుడు పుండు ఎందుకు మానదో ఎవరికీ తెలియలేదు. గూట్లో నరాల బిళ్ళలు అట్టలకట్టలుగా ఉన్నాయి.

పడుకునే ముందు అమ్మ అన్న మాట రాసి పెట్టుకుంటున్నాను. "నాట్లప్పుడు మడిలో నిలబడితే కాళ్ళు ఎంత హాయిగా ఉండేయో. గట్టెక్కితేనే లాగేయి."

నవంబరు 17, ఆదివారం

నరం లేని నాలుక అంటాం. నరనరానా పౌరుషం అంటాం. నరాల బలహీనత అంటాం. మొదటి దాంట్లో నరం అంటే ఒంటికి పట్టునిచ్చేది. రెండో దాంట్లో నెత్తురు పారేది. మూడో దాంట్లో వణుకూ తిమ్మిరీ తెచ్చేది. ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుందని పిల్లలకి మురిసిపోతూ చెప్పేదాన్ని. ఈ ఆదివారం ఆ మాటే గుచ్చుకుంటోంది. అమ్మ కాలి మీద ఉబ్బినవి నరాలు అన్నాం కాబట్టి నరాల బిళ్ళలు మింగించాం. ఉబ్బింది నెత్తురు గుండెకి తీసుకుపోయే గొట్టం. దానికి మన దగ్గర సిర అనే మాట ఉంది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో సిరావ్యధకు ఒక అధ్యాయమే ఉంది. సిరలూ ధమనులూ అని మనమే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని, గేటు దాటగానే మళ్ళీ నరాలే అన్నాం.

బిళ్ళల తప్పేమీ లేదు. అవి చేసే పని వేరు.

నవంబరు 20

బయాలజీ మాస్టారిని అడిగాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి పైన నా జేబురుమాలు కట్టించుకుని, పిడికిలి బిగించారు. ముంజేతి మీద సిరలు లేచాయి. ఒకదాన్ని కింద వేలితో నొక్కి పట్టి, రెండో వేలితో పైకి రాసుకుంటూ వెళ్ళారు. ఆ ముక్క ఖాళీ అయి చదునుగా పడిపోయింది. పై వేలు తీసినా పైనున్న నెత్తురు కిందికి దిగలేదు. సిరలో కంది గింజంత ముడి కనిపించిన చోటే ఆగిపోయింది. కింది వేలు తీయగానే బుస్సున నిండింది.

"విలియం హార్వే 1628లో పుస్తకంలో బొమ్మ వేసి చూపించింది ఇదే మేడం. ఆ ముడి దగ్గర ఉన్నవి కవాటాలు. ఆయన గురువు ఫాబ్రీషియస్ 1603లో వాటి మీద లాటిన్‌లో పుస్తకం రాశాడు. ఆయన వాటికి పెట్టిన పేరుకి చిన్న తలుపులు అని అర్థం."

కవాటం అంటే తలుపే కదా. ఇన్నేళ్ళూ మా బడిలో పక్క గది నుంచి ఆ మాట వినబడుతూనే ఉంది. తలుపు ఒకటి మూతపడకపోతే దాని కింది తలుపు మీద బరువు పడుతుంది, అదీ వాలిపోతుంది. అలా గజ్జ నుంచి చీలమండ దాకా.

నవంబరు 24

విజయవాడలో ఒక క్లినిక్‌కి వెళ్ళి వచ్చాం, మా ఆయనా నేనూ. రోడ్డు మీద హోర్డింగు చూసి వెళ్ళడం నా పొరపాటు. మంచం మీద పడుకోబెట్టి రెండు నిమిషాలు మిషను ఆనించారు. రెండు కాళ్ళకీ లేజర్ చెయ్యాలన్నారు. కుడి కాలికి నొప్పీ లేదు, ఉబ్బూ లేదు. లక్షన్నర ప్యాకేజీ, ఈరోజే అడ్వాన్సు కడితే తగ్గింపు. డాక్టరు గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడి వెళ్ళిపోయారు. ఫోనులో అమ్మ పుండు ఫొటో చూపించబోతే కౌంటరు అమ్మాయి, "ఆమెని కూడా తీసుకురండి మేడం, ఇద్దరికీ కలిపి చూద్దాం" అంది.

చీరల కొట్లో కూడా ఇంత తొందర పెట్టరు. బస్సులో వస్తున్నంతసేపూ కోపం దిగలేదు.

నవంబరు 30. గుంటూరు

ఈసారి అడిగి కనుక్కుని వెళ్ళాం. రక్తనాళాల సర్జన్. తమ్ముడు అమ్మని ఊరి నుంచి తీసుకొచ్చాడు.

ఇక్కడ పరీక్ష నిలబెట్టి చేశారు. చెక్క మెట్టు ఎక్కించి, బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ కాలు వదులుగా పెట్టమన్నారు. గజ్జ దగ్గర చల్లటి జిగురు రాసి మిషను ఆనించి, రెండో చేత్తో పిక్కని పిసికి వదిలారు. పిసికినప్పుడు తెర మీద ఒక రంగు పైకి లేచింది. వదలగానే ఇంకో రంగు కిందికి జారింది, జారుతూనే ఉంది. మంచి కాలిలో అలా వెనక్కి జారడం అర సెకను లోపే ఆగిపోతుందట. నాది రెండున్నర సెకన్లు. అమ్మది నాలుగు దాటింది.

"పడుకోబెట్టి చూస్తే ఈ జారుడు సరిగ్గా దొరకదమ్మా" అన్నారు డాక్టరు గారు. లోపలి పెద్ద సిరల్ని అక్కడక్కడా మిషనుతో నొక్కి చూశారు. నొక్కితే అణిగిపోయిందంటే లోపల గడ్డ లేనట్టు. తర్వాత అమ్మకి చేతి దగ్గరా చీలమండ దగ్గరా బీపీ తీసి పోల్చారు. కాలికి మంచి నెత్తురు తెచ్చే ధమని మూసుకుపోయి ఉంటే, మీద బిగించి కట్టడం ప్రమాదమట. పుండు ఉన్నవాళ్ళకి ఇది చూడకుండా కట్టు కట్టకూడదు అన్నారు. అమ్మది బాగానే ఉంది.

ఈ జబ్బుకి సున్నా నుంచి ఆరు దాకా లెక్క ఉంది. సాలెపట్టులా సన్నగా కనిపించే గీతలు ఒకటి. ఉబ్బిన సిరలు రెండు. వాపు మూడు. చర్మం నల్లబడి గట్టిపడితే నాలుగు. మానిన పుండు ఐదు, మానని పుండు ఆరు. నేను మూడు, అమ్మ ఆరు. అమ్మ ఆ మూడో మెట్టు దగ్గర ఉన్నప్పుడు నేను డిగ్రీ చదువుకుంటున్నాను. సాయంత్రాలు కాళ్ళు పట్టమనేది. పుస్తకం పక్కన పెట్టుకుని పట్టేదాన్ని. కుచ్చిళ్ళు జరిపి ఒక్కసారి కూడా చూడలేదు.

అమ్మ డాక్టరు గారిని సూటిగా అడిగింది. "బాబూ, ఆ సిర మూసేస్తే నెత్తురు ఎట్టా పైకిపోద్ది?"

సిర అంది. దారిలో కారులో నేను చెప్పిన మాట.

"నూటికి తొంభై పాళ్ళు లోపలి పెద్ద సిరలే మోస్తాయమ్మా. ఇది పైనుండే చిన్న బోదె. గండి పడిన బోదెని పూడిస్తే నీళ్ళు పెద్ద కాలవలోకి మళ్ళుతాయి కదా, అంతే."

అమ్మకి ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది. నలభై ఏళ్ళు నీటి వంతులు చూసిన మనిషి.

డిసెంబరు 1

నిన్న విన్నవి మరిచిపోకముందే.

పెదనాన్నకి మా చిన్నప్పుడు చేసింది పాత ఆపరేషన్. గజ్జ దగ్గర కోసి, సిరలోకి తీగ దూర్చి, మొత్తం సిరని లాగేయడం. ఆ పద్ధతిని 1907లో బాబ్‌కాక్ అనే అమెరికా సర్జన్ చూపించాడట. పెదనాన్న తొడంతా వంకాయ రంగుకి తిరిగి, మూడు వారాలు మంచం దిగలేదు. అమ్మకి ఇప్పటిదాకా ఆసుపత్రి అంటే గుర్తొచ్చింది ఆ తొడ. ఇప్పుడూ ఆ ఆపరేషన్ చేస్తారు, చెయ్యాల్సిన కాళ్ళు కూడా ఉంటాయి. కాని ఇంగ్లండులో 2013 నుంచి వైద్యులకిచ్చిన వరస ఇది: ముందు సిరని లోపల నుంచి వేడితో మూయడం, అది కుదరకపోతే నురగ మందు, అదీ కుదరకపోతేనే కోత.

వేడిలో రెండు రకాలు, లేజర్, రేడియో తరంగాలు. పేరులో తప్ప రోగికి పెద్ద తేడా ఏమీ ఉండదన్నారు. ఇంకొకటి జిగురు. మన ఇళ్ళలో విరిగిన బొమ్మలకి పెట్టే ఫెవిక్విక్ జాతిదే, ఒంట్లోకి వాడేలా తయారు చేసింది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. వేడి ఉండదు, తొడ పొడుగునా మత్తు సూదులు ఉండవు. ఖర్చెక్కువ, ఆ జిగురు లోపలే ఉండిపోతుంది, కొందరికి దాని మీద చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. క్యాప్సూల్స్ సంగతి అడిగాను. బరువూ లాగుడూ కొంత తగ్గిస్తాయి, వాలిపోయిన తలుపుని నిలబెట్టలేవు అన్నారు.

ఏది చేసినా కొన్నేళ్ళకి పక్క సిరలు ఉబ్బవచ్చు అని కూడా చెప్పారు. అడగకుండానే చెప్పారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

డిసెంబరు 3

నిలబడ్డప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 80, 90 ఉంటుందట, బీపీ కొలిచే లెక్కలోనే. గుండె దాకా నిలిచిన నెత్తుటి బరువంతా అక్కడే. నాలుగడుగులు నడిస్తే 30 దాకా దిగుతుంది. పిక్క కండ ముడుచుకున్నప్పుడల్లా నెత్తుర్ని పైకి తోస్తుంది. తలుపులు పాడైన కాలిలో నడిచినా సరిగ్గా దిగదు. ఆ ఒత్తిడికి నీరూ నెత్తుటి కణాలూ ఊరి బయటికొచ్చి, చర్మం నల్లబడి, గీత పడితే మానకుండా పోతుంది.

ఈరోజు ఏడో తరగతిలో నిలబడి చెప్పలేదు. బెంచీల మధ్య తిరుగుతూ చెప్పాను.

డిసెంబరు 8

స్టాకింగ్స్. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే కొన్నవాళ్ళలో చాలామంది వారానికే బీరువాలో పెట్టేస్తారు.

కొలతలు పొద్దున్నే, వాపు రాకముందు తీయించుకోవాలి. చీలమండ దగ్గర, పిక్క లావుగా ఉన్న చోట, మోకాలి కింద. సైజు తప్పితే మోకాలి కింద తాడులా పట్టేస్తుంది. నాకు రెండో క్లాసు రాశారు, చీలమండ దగ్గర 23 నుంచి 32 ఒత్తిడి. పైకి పోయే కొద్దీ పట్టు తగ్గుతుంది. నెత్తురు పైకి వెళ్ళాలి కదా.

తొడగడం పెద్ద పని. మంచం దిగకముందే వేసుకోవాలి. మొదటి రోజు చుట్ట చుట్టి పాదం దూర్చి లాగితే మడమ దగ్గర ఆగిపోయింది. గోరు తగిలి దారం లేచింది. పావుగంట కుస్తీ. ఆయన వచ్చి లాగబోతే మెలిక పడింది. తర్వాత షాపతను ఫోనులో చెప్పాడు. మడమ దాకా లోపలి వైపు బయటికి తిరగేయాలి. పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీద వేస్తే జారిపోతుంది, తర్వాత వేళ్ళ దగ్గర నుంచి కవరు లాగేయొచ్చు. చేతికి గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని అరచేత్తో పైకి రాయాలి, పై అంచు పట్టుకుని లాగకూడదు. ఇప్పుడు మూడు నిమిషాలు. రాత్రి తీసేసి ఉతికి నీడన ఆరేస్తున్నాను. ఆరు నెలలకి బిగువు పోతుంది, కొత్తది కొనాలి.

దీన్ని కనిపెట్టింది డాక్టరు కాడు. కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరు. జర్మనీలో పుట్టి అమెరికాలోని టొలీడోలో స్థిరపడ్డాడు. ఆయన కాళ్ళకీ ఈ పుళ్ళే. ఈత కొలనులో నిలబడితే నొప్పి తగ్గడం గమనించాడు. నీళ్ళలో లోతుకి పోయే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, పాదం దగ్గర ఎక్కువ, మోకాలి దగ్గర తక్కువ. ఆ ఒత్తిడినే గుడ్డలో నేయించి, 1950 నాటికి మేజోడు తయారు చేశాడు.

అమ్మకి ఫోను చేసి చెప్పాను. మడిలో నిలబడితే హాయిగా ఉండేదన్నావు, అందుకే అమ్మా అని. "నేనెప్పుడో చెప్పాగా" అంది.

డిసెంబరు 14. గుంటూరు

ముందు అమ్మకి చేయించాం. పుండు మానాక చూద్దాంలే అన్నాడు తమ్ముడు, చుట్టాల మాటలు విని. డాక్టరు గారు తిరగేసి చెప్పారు. ఇంగ్లండులో 450 మందిని రెండుగా చేసి చూశారు. 2018లో ఫలితాలొచ్చాయి. అందరికీ కట్టు కడుతూనే, కొందరికి వెంటనే సిర మూశారు, మిగతావాళ్ళకి పుండు మానేదాకా ఆగారు. వెంటనే మూసినవాళ్ళలో సగం మందికి 56 రోజుల్లోనే మానింది, ఆగినవాళ్ళకి అందుకు 82 రోజులు పట్టింది. "కాని వాళ్ళ పుండ్లు ఆరు నెలల లోపువి. అమ్మగారిది పాతది, ఇంకా ఎక్కువ పట్టొచ్చు" అని అదీ చెప్పారు.

నన్ను లోపల ఉండనిచ్చారు. అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. సిర మూశాక పుండు కింద ఉన్న చిన్న సిరలకి నురగ మందు. రెండు సిరంజిలకి నడుమ మూడు దారుల కుళాయి. ఒకదాంట్లో ఒక వంతు మందు, రెండో దాంట్లో నాలుగు వంతుల గాలి. అటూ ఇటూ టీ తిరగపోసినట్టు ఇరవై సార్లు తోస్తే గడ్డపెరుగు మీద తరకలాంటి తెల్లటి నురగ తయారైంది. ఇటలీ డాక్టరు తెస్సారి 2000లో చెప్పిన పద్ధతట. నురగ నెత్తుర్ని పక్కకి నెట్టి సిర గోడని అంటుకుంటుంది. తెర మీద నల్లటి సిరలోకి తెల్లటి మెరుపు పాకుతుంటే చూశాను.

"అయిపోయిందా? నేనింకా మొదలెట్టలేదనుకున్నా" అంది అమ్మ. తర్వాత నాలుగు పొరల కట్టు. వారానికోసారి మార్చాలి. ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ బయటికి వచ్చింది.

డిసెంబరు 22

అమ్మ కట్టు మార్చారు. పుండు కొలతలో తేడా లేదు. వాసన పోయింది. రాత్రి నిద్ర పడుతోందట.

2025 జనవరి 4

ఈరోజు బడిలో జరిగింది చూశాక ఇంకా చేతులు వణుకుతున్నాయి.

మధ్యాహ్న భోజనం వంటావిడ గంజి వార్చి లేచి, అంచు తగిలిందో ఏమో, "టీచరమ్మా" అని కేకేసింది. వెళ్ళేసరికి వంటగది గచ్చు మీద నెత్తురు. చీలమండ పక్కన ఉబ్బు చిట్లి, పిచికారీలా సన్న ధార. నొప్పి లేదంటోంది. గోడకానుకుని పీట మీద కూర్చుంది, కాలు కిందికే ఉంది. ఆయా పైన తాడు కట్టబోతోంది. బయాలజీ మాస్టారు పరుగెత్తుకొచ్చి తాడు వద్దన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, కాలెత్తి నా భుజం మీద పెట్టించి, ఉతికిన చేతిగుడ్డ మడిచి ధార మీద గట్టిగా నొక్కి పట్టారు. కాలు ఎత్తగానే ధార సగం అయింది. పది నిమిషాలు వదలకుండా నొక్కితే ఆగింది. బట్టతో బిగించి 108లో పంపాం.

ఇది అందరికీ తెలియాలి. కూర్చోబెట్టకూడదు, నిలబెట్టకూడదు. పడుకోబెట్టాలి, కాలెత్తాలి, నొక్కాలి. ఒంటరిగా బాత్‌రూంలో ఇలా చిట్లి, భయపడి నిలబడే ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్నేళ్ళుగా ఆవిడ పొయ్యి దగ్గర, నేను బోర్డు దగ్గర. ఒక్కసారీ ఆవిడ కాళ్ళ వంక చూడలేదు నేను. సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళి వచ్చాను. మంచం మీద కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది. "సోమవారం వంటకి ఎవరో ఒకరిని చూడండి టీచరమ్మా" అంది, ముందు ఆ మాటే.

జనవరి 11

సెలవుల్లో నాకు చేశారు. ఎడమ కాలు ఒక్కటే.

మోకాలి పక్కన సన్న సూది గుచ్చి, ఆ దారిలో తీగ గజ్జ దాకా పంపారు. అది తెలియలేదు. తెలిసింది మత్తు నీళ్ళ సూదులు. సిర చుట్టూ తొడ పొడుగునా ఏడెనిమిది పోట్లు, ప్రతి పోటుకీ చల్లటి నీళ్ళు చర్మం కింద పాకుతున్నట్టు. ఆ నీళ్ళు మత్తే కాదు, వేడి పక్క కండకి తగలకుండా గోడలా ఉంటాయి. తర్వాత తీగ కొన 120 డిగ్రీలకి వేడెక్కుతుంది. ఏడు సెంటీమీటర్ల ముక్కకి ఇరవై సెకన్లు. మిషను కూత పెట్టగానే కొంచెం కిందికి లాగడం, మళ్ళీ ఇరవై సెకన్లు. నేను లెక్కపెట్టాను, ఆరుసార్లు, పైదగ్గర ఒకసారి రెండింతలు. మెలికల సిరల్ని బియ్యపు గింజంత గాట్లలోంచి చిన్న కొక్కెంతో లాగేశారు. కుట్లు లేవు, ప్లాస్టర్లే.

లేపి స్టాకింగ్ తొడిగి, వరండాలో అరగంట నడవమన్నారు. నడక మందులో భాగమే, లోపలి సిరల్లో గడ్డ కట్టకుండా. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే రమ్మని రెండుసార్లు చెప్పారు.

జనవరి 14, సంక్రాంతి

తొడ లోపల తీగ బిగించినట్టు పట్టుడు. వారం ఉంటుందన్నారు. అరిసెలు ఈసారి ఆయన వత్తారు, నేను కుర్చీలో కూర్చుని పాకం చూశాను. చీలమండ దగ్గర ఒక రూపాయంత మేర మొద్దుబారింది. అక్కడ సిర పక్కనే స్పర్శ తెలిపే నరం పోతుంది. అది నిజంగా నరమే. ఈ మొద్దుబారడం చాలామందికి నెలల్లో పోతుందట.

ఫిబ్రవరి 8

లెక్కల టీచరుకి మేలో పెళ్ళి. మోకాలి వెనక ఎర్రగా, నీలంగా సాలెపట్టు లాంటి గీతలు. నాతోపాటు చెకప్‌కి వచ్చి చూపించుకుంది. మిల్లీమీటరు కూడా లేని సన్న సిరలు, ప్రాణానికి భయం లేదు, పెద్ద సిర బాగానే ఉంది. కావాలంటే వెంట్రుకంత సూదితో మందు ఎక్కిస్తారు. వాడే మందు పోలిడోకనాల్, మొదట్లో మత్తుమందుగా తయారైందట. కొన్ని వారాల ఎడంతో రెండు మూడు సార్లు పడుతుంది. పైనుంచి లేజర్ కొడితే మన ఛాయ చర్మానికి మచ్చ పడే అవకాశం ఎక్కువ, అందుకే సూదే మేలన్నారు. సూది వేసిన చోటా గోధుమరంగు మచ్చ కొన్ని నెలలు ఉండొచ్చు. "పెళ్ళి మేలో అయితే ఇప్పుడు వద్దమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు.

ఆ పిల్ల దారంతా మాట్లాడలేదు. బస్సు దిగేముందు, "పొట్టి గౌన్లు వేసుకునే దాన్ని కాదు కదా మేడం, చీరే కదా" అంది. అందంగా ఉండాలనుకోవడంలో తప్పు లేదు. చేయించుకోవాలనిపిస్తే వచ్చే శీతాకాలం నేనే తోడు వెళతాను.

మార్చి 2

అమ్మ పుండు మూసుకుంది. పదకొండు వారాలు. తమ్ముడు ఫొటో పంపాడు. నమ్మకం చాలక సాయంత్రం బస్సెక్కి వెళ్ళాను. వేపపూరేకంత పల్చటి గులాబీ చర్మం, వేలు పెట్టడానికి భయమేసింది. చుట్టూ నలుపు అలాగే ఉంది, అది పూర్తిగా పోదట. మేజోడు వదిలితే మళ్ళీ పగులుతుందని గట్టిగా చెప్పారు. మరదలు గ్లవ్స్ వేసుకుని తొడుగుతోంది, నాకంటే బాగా.

గూట్లో బిళ్ళల అట్టలు లేవు. అక్కడ వత్తుల డబ్బా పెట్టుకుంది.

మార్చి 17

పదో తరగతి పరీక్షలు మొదలు. ఈరోజు తెలుగు పేపరు, నేను తెలుగు టీచర్ని కాబట్టి నాకు డ్యూటీ లేదు. ఎల్లుండి నుంచి ఉంది. ఇన్విజిలేషన్‌లో కూర్చోకూడదు, పోయిన ఏడు మూడు గంటలయ్యేసరికి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. ఈసారి వరసల మధ్య నడుస్తాను, ఆగిన చోట మునివేళ్ళ మీద లేస్తూ దిగుతూ ఉంటాను.

ఏప్రిల్ 12

ఎండ ముదిరింది. ఎండకి సిరలు వదులవుతాయి, కాళ్ళు ఎక్కువ లాగుతాయి. సరిగ్గా అప్పుడే స్టాకింగ్ వేసుకోవాలంటే ప్రాణం పోతుంది. అమ్మ తడిగుడ్డతో మేజోడు మీదనే తుడుచుకుంటోందట. నాకు మధ్యాహ్నాలు తీసేసి, గోడకి కాళ్ళు ఆనించి పడుకోవచ్చని చెప్పారు, అమ్మకి మాత్రం పగలంతా తప్పదు.

వంటావిడ ఎడమ కాలి చిట్లిన చోటు మానింది గాని, ఉబ్బు అలాగే ఉంది. డాక్టరుకి చూపిద్దాం రమ్మని జనవరి నుంచి చెబుతుంటే, బడి ఉండగా రానంది. బడి ఆఖరికొచ్చింది. నిన్న కొలతలు తీశాను, పొద్దున్న ఆరింటికి, టేపు పట్టుకుని వాళ్ళ అరుగు మీద కూర్చుని. చీలమండ ఇరవై నాలుగు సెంటీమీటర్లు, పిక్క ముప్ఫై ఎనిమిది. ఒకటే జత సరిపోదు, ఉతికి ఆరేదాకా ఇంకొకటి కావాలి అంటే, ముందు ఒకటి చాలంది. బియ్యం కార్డు, ఆధార్ జిరాక్సులు సంచిలో పెట్టించాను. ప్రభుత్వ వైద్య పథకం కింద ఏం వస్తుందో ఆసుపత్రి కౌంటరులో అడగాలి.

రేపు కాదు, సోమవారం. ఏడింటి బస్సు. చీటీలో పదింటికి రాశారు.